చంటిపాప ఉన్న ఇంట్లో ఓటీజీ చికెన్: నూనె తక్కువగా, పొయ్యి దగ్గర నిలబడకుండా ఎలా చేస్తున్నారు?

కొత్తనాన్న_కూకట్‌పల్లి:
అందరికీ నమస్తే అండి. మాకు పాప పుట్టింది, మూడో నెల నడుస్తోంది. అత్తయ్యగారు ఉన్నన్నాళ్లూ వంటింటి వైపు చూసే పనే లేదు, ఇప్పుడు ఆవిడ ఊరెళ్లారు, మా ఆవిడకి రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు కాబట్టి పొద్దున, రాత్రి వంట నాదే. పప్పు, కూర, చారు వరకు వచ్చేస్తోంది. చికెన్ దగ్గరే ఇబ్బంది, ఉల్లిపాయలు వేగేదాకా కలుపుతూ నిలబడాలి, సరిగ్గా అప్పుడే పాప ఏడుస్తుంది, స్టవ్ కట్టేసి పరిగెత్తాలి. బయట నుంచి తెప్పిస్తే నూనె, కారం, రంగు, బాలింతకి అది పెట్టబుద్ధి కావట్లేదు. ఇంట్లో పెళ్లికి వచ్చిన ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, ఉంది, 28 లీటర్లది. అందులో పెట్టేసి వదిలేస్తే అయిపోయే చికెన్ కావాలి. ఏ ముక్కలు తీసుకోవాలి, ఎంత వేడి, ఎంతసేపు, మసాలా ఏంటి, కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఓటీజీ_ఒంటిచేత్తో:
కంగ్రాట్స్ అండి, పాపకి ఆశీస్సులు. మా బాబు చంటిబిడ్డగా ఉన్నప్పుడు వారానికి రెండుసార్లు ఇదే చేసేదాన్ని, ఒక చేత్తో బాబు, ఇంకో చేత్తో ట్రే. మొదటిసారి చేసేవాళ్లు బ్రెస్ట్ జోలికి వెళ్లకండి, నాలుగు నిమిషాలు ఎక్కువైతే పీచు పీచుగా ఎండిపోతుంది. లెగ్ పీసులు తీసుకోండి, తొడతో కలిపి ఉండే ఫుల్ లెగ్. అది పది నిమిషాలు ఎక్కువ ఉన్నా జ్యూసీగానే ఉంటుంది, పాపని నిద్రపుచ్చి వచ్చేసరికి ఆలస్యమైనా పాడవదు, మనలాంటి వాళ్లకి కావాల్సింది అదే కదా.

కేజీ లెగ్ పీసులకి చెప్తున్నా, స్పూన్ అంటే పెద్ద స్పూన్, చెంచా అంటే టీ చెంచా. ఒక్కో ముక్కకి రెండు మూడు గాట్లు పెట్టండి, ఎముక తగిలేదాకా. గట్టి పెరుగు నాలుగు స్పూన్లు, అల్లం వెల్లుల్లి ముద్ద స్పూనున్నర, పసుపు కొంచెం, మిరియాల పొడి ఒక చెంచా, ధనియాల పొడి ఒక చెంచా, కారం అర చెంచా చాలు, ఉప్పు చెంచాన్నర, అర చెక్క నిమ్మరసం, నూనె ఒక్క స్పూన్. పెరుగు మాత్రం పల్చగా ఉండకూడదు, నీళ్లు ఎక్కువైతే ముక్క ఉడుకుతుంది గానీ కాలదు, రంగే రాదు. అందుకే నేను పెరుగుని పల్చటి గుడ్డలో ఒక అరగంట వేలాడదీసి వాడతా. ఇదంతా రాత్రి పాప పడుకున్నాక కలిపి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్నే ఆఫీస్ కాల్స్ ఉన్నా టెన్షన్ ఉండదు.

వండే రోజు ఫ్రిజ్ లోంచి తీసి ఒక పావుగంట బయట ఉంచి, ఓటీజీలో పైన, కింద ఉండే రెండు రాడ్లూ ఆన్ చేసి 200 డిగ్రీలకి పది పదిహేను నిమిషాలు ప్రీహీట్ చేయాలి. ట్రేలో అడుగున ఆలుగడ్డ ముక్కలు, క్యారెట్, నాలుగు ముక్కలుగా కోసిన ఉల్లిపాయ పరిచి, పైన లెగ్ పీసులు ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. మొత్తం 40 నుంచి 45 నిమిషాలు, మధ్యలో ఒక్కసారి తిప్పాలి, అంతే. చికెన్ లోంచి కారిన రసం అంతా కూరగాయలకి పట్టి అదే కూర అయిపోతుంది, ఇంక వేరే కూర వండక్కర్లేదు. తీశాక వెంటనే కోయకండి, ఐదు నిమిషాలు ఆగండి, లేకపోతే రసం అంతా ప్లేట్లోకి వచ్చేస్తుంది.

ఉప్పల్_అన్న:
తమ్మీ, చెల్లె చెప్పింది మంచిగుంది. చికెన్ సెంటర్ల ఏం చెప్పాలె అనేది నేను చెప్త. ఆదివారం పొద్దున లైన్ల నిలబడి ఉత్తగ కేజీ చికెన్ అంటే కర్రీ కట్ కొట్టి చేతుల పెడ్తడు. ముందుగాల్నే చెప్పాలె, లెగ్ పీసులు అట్లనే ఇయ్యి, కొట్టకు, తోలు తియ్యి అని. కుదిరితే శనివారం సాయంత్రమో, శుక్రవారమో పో, రష్ ఉండదు, చెప్పింది ఇంటడు. ఇంటికి తెచ్చినంక ఉప్పు పసుపు ఏసి నాలుగు నీళ్లల్ల మంచిగ కడుగు, నీసు వాసన పోతది. పసిబిడ్డ ఉన్న ఇల్లు, శుభ్రం ముఖ్యం.

తార్నాక_తల్లి:
ఉప్పల్ అన్నగారూ, మీరు చెప్పింది మనందరి ఇళ్లల్లో చేసేదే, మా అమ్మ కూడా అంతే. కానీ పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టే ఒక మాట. పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అని బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, కడిగితే అవి పోవు, వేడికి మాత్రమే చస్తాయి. కుళాయి కింద కడిగినప్పుడు నీటి తుంపర్లతో పాటు సింక్ చుట్టూ, పక్కనున్న గిన్నెల మీద పడతాయి. చిన్నపిల్లలున్న ఇళ్లల్లో సింక్ పక్కన ఏముంటుంది చెప్పండి, స్టెరిలైజ్ చేసిన పాల సీసాలు, నిప్పుల్స్, బ్రెస్ట్ పంపు భాగాలు, అన్నీ బోర్లించి ఆరబెట్టి ఉంటాయి. ఆ తుంపర్లు పడేది సరిగ్గా అక్కడే.

కడగకపోతే మనసొప్పదు అనుకుంటే, ముందు సీసాలన్నీ వేరే గదిలోకి తీసేయండి, కుళాయి తిప్పకుండా ఒక వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి అందులో ముక్కల్ని మెల్లగా ముంచి తీయండి, ఆ నీళ్లు నెమ్మదిగా వంచేయండి, తర్వాత సింక్, గట్టు వేడి నీళ్లు సబ్బుతో తుడవండి. చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు కడిగాకే పాపని ఎత్తుకోండి. పాప ఏడ్చింది కదా అని చేతులు గబుక్కున నైటీకో లుంగీకో తుడుచుకుని వెళ్లిపోవద్దు, దయచేసి. నీసు వాసనకి పెరుగు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి ఉండనే ఉన్నాయి, రాత్రంతా నానితే వాసన ఉండదు.

ఉప్పల్_అన్న:
పాల సీసల సంగతి నాకు తట్టలే చెల్లె. మా కోడలు గూడ గట్లనే సింక్ పక్కకే ఆరేస్తది. ఇయ్యాల్నే చెప్త. గిన్నెల ముంచి తీసుడు మంచిగుంది, గట్లనే చేస్తం.

అమ్మమ్మ_నిజాంపేట్:
బాబూ, ముందు పాప ఎలా ఉంది, పాలు బాగా తాగుతోందా? మాది రాజమండ్రి వైపు, ఇద్దరు కూతుళ్ల పురుళ్లు నా చేతుల మీదే పోశాను కాబట్టి చెబుతున్నాను. చికెన్ వేడి చేస్తుంది, బాలింతకి పెట్టకూడదు అని కొందరంటారు. మా ఇంట్లో మాత్రం పెట్టేవాళ్లమే, నాటుకోడి పులుసు పల్చగా, మిరియాలు వెల్లుల్లి దండిగా వేసి. పచ్చిమిర్చి, గరం మసాలా మటుకు తగ్గించు, తల్లికి కడుపులో మంట వస్తే నిద్ర పట్టదు. వెల్లుల్లి రెబ్బలు తొక్కతోనే ట్రేలో పడేయి, అవి మెత్తగా వెన్నలా అవుతాయి, నొక్కితే వచ్చేస్తాయి, వేడన్నంలో కలుపుకుంటే బాలింతకి ఎంతో హితవుగా ఉంటుంది. నాకు ఒక్కటే అనుమానం, ఓవెన్‌లో పెట్టింది పొడి పొడిగా ఉంటుందేమో, బాలింతకి పల్చగా జారుగా ఉండే తిండి కావాలి కదా, నాటుకోడి అయినా అందులో పెట్టవచ్చా?

తార్నాక_తల్లి:
అమ్మగారూ నమస్కారం. వెల్లుల్లి తొక్కతో వేయడం చాలా బాగుంది, ఈ వారమే చేస్తాను. నాటుకోడి మాత్రం ఓటీజీకి పనికిరాదండి. అది తిరిగి తిరిగి పెరుగుతుంది, ఎక్కువ నెలల కోడి, కండ గట్టిగా ఉంటుంది, దానికి నీళ్లలో సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉడకడం కావాలి, లేదా కుక్కర్ విజిల్స్. పొడి వేడిలో పెడితే తోలులా సాగుతుంది. మన రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు కూడా పెరటి కోళ్లే, ముదిరినవైతే పులుసుకే బాగుంటాయి. ఓటీజీకి ఫారం కోడే సరి, అది సుమారు ఆరు వారాల లేత కోడి.

పల్చగా కావాలంటే ఒక పద్ధతి ఉంది. తినేశాక మిగిలిన ఎముకలు, ట్రేలో అడుగంటిన రసం కుక్కర్‌లో వేసి, నాలుగు గ్లాసుల నీళ్లు, మిరియాలు, చిన్న అల్లం ముక్క వేసి నాలుగైదు విజిల్స్ రానిచ్చి వడకట్టండి, మంచి సూప్ వస్తుంది. పడేసే ఎముకలతోనే పని అయిపోతుంది.

వేడి చేస్తుంది అన్న మాటకి ఇంకోటి. మా ఇంటి దగ్గరే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఎన్‌ఐఎన్ అంటారు కదా, వాళ్లు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలుగా ఆడవాళ్లకి రోజుకి సుమారు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు దాని మీద ఇంకో 17 గ్రాములు. పప్పు, పాలు, గుడ్డుతో కొంత వస్తుంది. తోలు లేని వండిన బ్రెస్ట్ 100 గ్రాముల్లో 30 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, లెగ్ పీస్‌లో కొంచెం తక్కువ. అంటే ఒక పూట ఓ మోస్తరు లెగ్ పీస్ తింటే ఆ అదనం అక్కడే తీరిపోతుంది. తల్లికి డాక్టరు ప్రత్యేకంగా ఏదైనా పథ్యం చెప్పి ఉంటే మాత్రం అదే పాటించండి.

నైట్‌షిఫ్ట్_నాన్న:
బ్రో, ఓటీజీ గురించి రెండు ముక్కలు, దీని మీద ఎవరూ చెప్పట్లేదు. 28 లీటర్లది అంటే 1500 వాట్స్ దాకా లాగుతుంది, దాన్ని మిక్సీ పెట్టే చిన్న సాకెట్‌కో ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కో పెట్టొద్దు, గీజర్‌కి వాడే 16 యాంప్స్ సాకెట్‌కే పెట్టు. మన అపార్ట్‌మెంట్లలో వంటింట్లో అలాంటివి ఒకటో రెండో ఉంటాయి, చూసుకో. ఇన్వర్టర్ మీద అసలు ట్రై చేయొద్దు. ఎండాకాలం కరెంట్ పోయి మధ్యలో ఆగితే తలుపు తీయకుండా వదిలెయ్, కరెంట్ త్వరగా వస్తే మళ్లీ పెట్టి పూర్తి చెయ్, త్వరగా వచ్చేలా లేదంటే మాత్రం సగం ఉడికింది అలా ఉంచొద్దు, వెంటనే ముక్కలు కోసి గ్యాస్ మీద కూరలాగా పూర్తిగా ఉడికించెయ్.

కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నోళ్లు కన్వెక్షన్ మోడ్‌లోనే చేయండి, మైక్రో మోడ్‌లో ఇనుప జాలీ, అల్యూమినియం ఫాయిల్ పెడితే నిప్పురవ్వలు వస్తాయి. ఫాయిల్ మీద పెరుగు, నిమ్మరసం కలిసిన చికెన్ నేరుగా పెట్టడం కూడా నాకు నచ్చదు, పులుపుకి ఫాయిల్ కరుగుతుంది. ట్రే మీద బేకింగ్ పేపర్ వేసుకో. బయట షాపుల్లో బటర్ పేపర్ అని అమ్మేవన్నీ ఓవెన్‌కి పనికిరావు, కొన్ని మాడి పొగ వస్తాయి, ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల దాకా అని రాసి ఉందో చూసి కొను. ఇంకోటి, గాజు గిన్నెలో మ్యారినేట్ చేసి ఫ్రిజ్ లోంచి తీసి అలాగే కాలే ఓవెన్‌లో పెట్టొద్దు, పగులుతుంది. స్టీల్ ట్రేలోకి మార్చుకో.

కొత్తనాన్న_కూకట్‌పల్లి:
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆదివారం చేశాను. రైతు బజార్ నుంచి క్యారెట్, ఆలుగడ్డ తెచ్చి అమ్మగారు చెప్పినట్టు వెల్లుల్లి గడ్డ మొత్తం రెబ్బలు తీసి తొక్కతో వేశా. మా ఆవిడ పాపకి పాలిస్తూనే ఒక చేత్తో తినేసింది, ఎముక ముక్కలు ఏరుకునే పని లేదు, చేతికి పులుసు అంటదు, చాలా రోజుల తర్వాత వేడివేడిగా తిన్నా అంది. వెల్లుల్లి అయితే మొత్తం తనే తినేసింది. ఒక డౌట్ మాత్రం ఉండిపోయింది. 45 నిమిషాలు ఉంచా, పైన బాగా కాలింది, కానీ తొడ దగ్గర ఎముక పక్కన కొంచెం ఎర్రగా కనిపించింది. ఉడకలేదేమో అని భయపడి ఆ ముక్కలు మళ్లీ పది నిమిషాలు పెట్టా, అయినా ఎరుపు పోలేదు. అలా ఉంటే తినొచ్చా?

ఓటీజీ_ఒంటిచేత్తో:
భలే చేశారండి! ఆ ఎరుపు గురించి భయపడకండి, మనం తినే ఫారం కోళ్లు లేతవి, వాటి ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు, లోపలి మూలుగ రంగు వేడికి బయటికి ఊరి చుట్టూ మాంసానికి అంటుకుంటుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన చికెన్ అయితే ఇంకా ఎక్కువ, ఎముక నల్లగా కూడా అవుతుంది. రంగు చూసి నిర్ణయించకండి, ఎరుపు ఉన్నా ఉడికి ఉండొచ్చు, తెల్లగా ఉన్నా ఉడక్కపోయి ఉండొచ్చు.

నైట్‌షిఫ్ట్_నాన్న:
అవును, ఇక్కడే థర్మామీటర్ కావాలి. సూదిలా గుచ్చేది, ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. తొడలో అన్నిటికంటే మందంగా ఉన్న చోట గుచ్చు, ఎముకకి తగలనివ్వొద్దు, ఎముకకి తగిలితే తప్పుడు రీడింగ్ వస్తుంది. 74 డిగ్రీలు చూపిస్తే ఉడికినట్టే. లెగ్ పీస్ 80 దాటినా ఇంకా మెత్తగానే అవుతుంది, బ్రెస్ట్ మాత్రం 74 రాగానే తీసెయ్. బ్రెస్ట్ చేసే రోజు మందంగా ఉన్న వైపు అప్పడాల కర్రతో తట్టి అంతా ఒకే మందం చేసుకో, 200 డిగ్రీల్లో 20 నిమిషాలకి ఒకసారి గుచ్చి చూడు. ఓటీజీల్లో డయల్ మీద 200 అని ఉన్నా లోపల నిజంగా అంత ఉండదు, ఒక్కోదానికి 20 డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది, అందుకే వేరేవాళ్లు చెప్పిన నిమిషాలు మనకి సరిగ్గా కుదరవు. నిమిషాల లెక్క ఎప్పుడు చూడటం మొదలుపెట్టాలో చెప్పడానికే.

మణికొండ_కిచెన్:
ఓవెన్ లేనివాళ్ల సంగతి కూడా చెప్పండి ఎవరైనా, మాది అద్దె ఇల్లు, ఎయిర్ ఫ్రయర్ ఒక్కటే ఉంది, మా చెల్లి వాళ్లింట్లో అదీ లేదు.

ఓటీజీ_ఒంటిచేత్తో:
ఎయిర్ ఫ్రయర్‌లో ఇదే మసాలా, 180 డిగ్రీల్లో చిన్న లెగ్ పీసులకి 20, 25 నిమిషాలు, మధ్యలో తిప్పాలి, బుట్టలో కుక్కొద్దు, గాలి తిరగాలి కదా, రెండు విడతలుగా పెట్టుకోండి. ఏదీ లేకపోతే మందపాటి మూకుడు లేదా ఇనుప పెనం. ఒక స్పూన్ నూనె రాసి ముక్కలు పరిచి, బరువైన మూత పెట్టి సన్నని సెగ మీద ఒక్కో వైపు పదిహేను ఇరవై నిమిషాలు. నీళ్లు ఊరుతాయి, కంగారు పడొద్దు, చివర్లో మూత తీసి మంట పెంచితే ఆ నీళ్లన్నీ ఇగిరి ముక్కకి పట్టేస్తాయి. ఓవెన్ వాసన రాదు, కానీ రుచికి లోటుండదు.

మణికొండ_కిచెన్:
థ్యాంక్యూ అక్కా. ఇంకోటి, మా బాబుకి ఎనిమిదో నెల, వాడికి కూడా ఇందులోంచే పెట్టొచ్చా? వాళ్ల నానమ్మ ఏడాది దాకా నీసు వద్దంటున్నారు.

తార్నాక_తల్లి:
ఆరు నెలలు నిండి ఘనాహారం మొదలైన పిల్లలకి మెత్తగా చేసిన చికెన్ పెట్టొచ్చు, ఆ వయసుకి పుట్టుకతో వచ్చిన ఐరన్ నిల్వలు తగ్గిపోతాయి, అందుకే మాంసం మేలు చేస్తుంది, బ్రెస్ట్ కంటే తొడ మాంసంలో ఐరన్ ఎక్కువ. కానీ మసాలా పట్టించిన ముక్క లోంచి తీసి పెట్టకండి. ఉప్పు, కారం కలిపే ముందే వాడి కోసం చిన్న ముక్క పక్కకి తీసి, పసుపు మాత్రం రాసి, చిన్న గిన్నెలో రెండు చెంచాల నీళ్లు పోసి మూతపెట్టి అదే ట్రేలో ఒక మూల పెట్టండి. ఉడికాక వేళ్లతో పీచు పీచుగా విడదీసి ఎముక ముక్కలు, మెత్తటెముక ఏమీ లేవని చేత్తో తడిమి చూసి, అన్నంలో మెత్తగా మెదిపి పెట్టండి. మొదటిసారి ఒకటి రెండు చెంచాలే, ఆ రోజు ఇంకో కొత్త పదార్థం పెట్టకండి.

తేనె రాసి బేక్ చేసే రెసిపీలు చాలా కనిపిస్తాయి, ఏడాది లోపు పిల్లలకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, బాట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, వండినా సరే వద్దు. నానమ్మగారితో గొడవ పెట్టుకోకండి, టీకాకి వెళ్లినప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్లి పిల్లల డాక్టర్‌తోనే చెప్పించండి. మా అత్తగారు అలాగే ఒప్పుకున్నారు, ఇప్పుడు మనవరాలికి ముక్క ఆవిడే మెదిపి పెడతారు.

అమ్మమ్మ_నిజాంపేట్:
ఈ అమ్మాయి చెప్పిన పద్ధతి బాగుంది తల్లీ, పెద్దవాళ్లకి కోపం రాకుండా జరిగిపోతుంది.

కొత్తనాన్న_కూకట్‌పల్లి:
ఇంకొక్కటి అడుగుతా, విసుక్కోకండి. ఒకేసారి రెండు కేజీలు చేసి పెట్టుకుంటే వారం వస్తుందా?

ఉప్పల్_అన్న:
వండింది వారం ఉంచకు తమ్మీ. మన ఎండలల్ల అసలే వద్దు.

ఓటీజీ_ఒంటిచేత్తో:
అన్న చెప్పింది కరెక్ట్. వండింది ఫ్రిజ్‌లో మూడు రోజులు, మహా అయితే నాలుగు. వండాక రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మే నెలలో మన హైదరాబాద్ వంటిళ్లలో అయితే గంట లోపే. మీకు సులువయ్యేది ఏంటంటే వండకుండా మసాలా కలిపిందే ప్యాకెట్లు చేసి పెట్టుకోవడం. కేజీ కొన్నప్పుడు రెండు కేజీలు కొని, సగం జిప్ కవర్లో పల్చగా పరిచి గాలి తీసేసి, పైన తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. కావాల్సిన ముందు రాత్రి ఒక గిన్నెలో పెట్టి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చండి, పొద్దుటికి కరిగిపోతుంది. గట్టు మీద పెట్టి కరిగించొద్దు, ఒకసారి కరిగింది మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు. ఫ్రీజర్‌కి వెళ్లే ప్యాకెట్‌లో నిమ్మరసం కలపకండి, అన్ని రోజులు పులుపులో ఉంటే మాంసం పిండి పిండిగా అవుతుంది, కాల్చాక పైన పిండుకోండి.

వండింది మిగిలితే ఎముక నుంచి విడదీసి చపాతీలో చుట్టుకోండి, రాత్రి పూట పాప లేచినప్పుడు తల్లికి ఆకలేస్తుంది కదా, అప్పుడు బిస్కెట్ల బదులు అది తినొచ్చు. ఫ్రిజ్ లోంచి తీసింది చల్లగా పెట్టకుండా రెండు చుక్కల నీళ్లు చల్లి మూతపెట్టి లోపలిదాకా పొగలొచ్చేలా వేడి చేయండి, ఎంత తింటారో అంతే తీసి వేడి చేయండి.

నైట్‌షిఫ్ట్_నాన్న:
ప్యాకెట్ మీద తేదీతో పాటు ఎన్ని ముక్కలో కూడా రాయి బ్రో. రాత్రి రెండింటికి ఫ్రీజర్ తెరిచినప్పుడు ఏది ఎంతో గుర్తుండదు.

కొత్తనాన్న_కూకట్‌పల్లి:
సరే బ్రో, రాస్తా. థర్మామీటర్ ఆర్డర్ పెట్టేశా, బుధవారం వస్తుంది. వచ్చే ఆదివారం రెండు కేజీలు తెచ్చి సగం ప్యాకెట్లు కడతా. అక్కా, ట్రేలో ఆలుగడ్డ బదులు చిలగడదుంప వేస్తే అదే టైమ్‌లో అవుతుందా?

ఓటీజీ_ఒంటిచేత్తో:
అవుతుందండి, ఇంకా త్వరగానే మెత్తబడుతుంది. అందుకే ముక్కలు కొంచెం పెద్దవి కోయండి, లేదా చికెన్ తిప్పేటప్పుడు వేయండి, మిగతా సగం టైమ్‌లో అయిపోతాయి.